కీళ్లవాతం మందు తగ్గించుకునేటప్పుడు జబ్బునూ భయాన్నీ విడదీసి చూసుకోవడం ఎలా?

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ఏళ్ల తరబడి మందులు వాడి, జబ్బు అదుపులోకి వచ్చిన తరువాత, ఒక రోజు డాక్టరు గారు "ఇక మోతాదు కొంచెం తగ్గించి చూద్దాం" అంటారు. వినడానికి అది శుభవార్తే. కానీ చీటీ పట్టుకొని ఆసుపత్రి మెట్లు దిగేలోపే చాలామందికి మణికట్టులో ఏదో లాగినట్టు అనిపించడం మొదలవుతుంది; అప్పటికింకా ఒక్క మాత్ర కూడా తగ్గలేదు. నేను తిరుపతిలో పన్నెండేళ్లుగా ఈ జబ్బుతో కాపురం చేస్తున్నాను. మొదటిసారి మందు తగ్గించినప్పుడు పదిహేను రోజుల్లోనే బెదిరిపోయి పాత మోతాదుకు వెళ్లిపోయాను, రెండోసారి నిలదొక్కుకున్నాను. ఆ రెండు సార్లకూ మధ్య నా కీళ్లు పెద్దగా మారలేదు, నేను సిద్ధపడిన తీరు మాత్రం మారింది. ఆ సిద్ధపాటు ఎలా చేసుకోవాలో ఇక్కడ వరుసగా చెబుతాను. ఏ మందు, ఎంత, ఎప్పుడు తగ్గించాలో నిర్ణయించవలసింది మీ డాక్టరే. ఈ వ్యాసం ఆ నిర్ణయం జరిగిన తరువాత మీరు చేయవలసిన పని గురించి.

ఎదురుచూపు ఒంట్లో చేసే పని

మందు లేని మాత్రను మందు అనుకొని మింగినా బాధ తగ్గడాన్ని ప్లాసిబో ప్రభావం అంటారు. హాని జరుగుతుందని అనుకున్నందువల్లనే బాధ పెరగడాన్ని నోసిబో ప్రభావం అంటారు. ఇది బలహీన మనస్తత్వం ఉన్నవారికే జరిగే విషయమని మనలో చాలామంది అనుకుంటారు గానీ అది సరికాదు. 1978లో జాన్ లెవిన్, న్యూటన్ గోర్డన్, హోవర్డ్ ఫీల్డ్స్ అనే పరిశోధకులు పన్ను తీయించుకున్నవారిని పరిశీలించారు. ప్లాసిబోతో నొప్పి తగ్గినవారికి, మార్ఫిన్ పనిని అడ్డుకునే నలోక్సోన్ అనే మందును ఇచ్చినప్పుడు ఆ ఉపశమనం తగ్గిపోయింది. అంటే నొప్పి తగ్గుతుందన్న నమ్మకం మెదడులో సొంత నొప్పినివారిణులను విడుదల చేయించిందన్నమాట.

మందు తగ్గించుకునేవారికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ 2011లో వచ్చింది. 22 మంది ఆరోగ్యవంతుల కాలికి వేడి తగిలించి నొప్పి పుట్టిస్తూ, సెలైన్ గొట్టం ద్వారా రెమిఫెంటనిల్ అనే గట్టి నొప్పి మందును ఎక్కించారు. ముందుగా వారికి చెప్పకుండా ఎక్కించారు, తరువాత "ఇప్పుడు మందు ఎక్కుతోంది" అని చెప్పారు. ఆ ఒక్క మాటతో ఉపశమనం సుమారు రెట్టింపైంది. ఆ పైన "ఇప్పుడు మందు ఆపేశాము, నొప్పి పెరగవచ్చు" అన్నారు. నిజానికి మందు ఆపలేదు, అదే మోతాదులో ఎక్కుతూనే ఉంది, అయినా ఉపశమనం దాదాపు మొత్తం పోయింది. రక్తంలో మందు ఉండగానే, మందు లేదన్న మాట దాని పనిని తుడిచిపెట్టింది. మోతాదు తగ్గించే రోజు మన చెవిన పడేది కూడా సరిగ్గా అదే మాట.

అయితే ఈ ప్రభావానికి ఒక హద్దు ఉంది, దాన్ని మరిచిపోతే ప్రమాదం. అదే 2011లో ఉబ్బసం రోగులపై జరిగిన ఒక పరిశోధనలో, నిజమైన మందు పీల్చినవారూ, మందు లేని పరికరం పీల్చినవారూ తమకు హాయిగా ఉందని దాదాపు ఒకేలా చెప్పారు. కానీ ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచినప్పుడు నిజమైన మందుతో సుమారు 20 శాతం, మందు లేని పరికరంతో సుమారు 7 శాతం మాత్రమే మెరుగుదల కనిపించింది. కీళ్ల విషయం కూడా ఇలాంటిదే. మనసులోని ఎదురుచూపు నొప్పిని పెంచగలదు, తగ్గించగలదు. కీలు లోపలి పొర వాచి ఎముకను కొరుక్కుతినడాన్ని మాత్రం ధైర్యం ఆపలేదు. కాబట్టి "అంతా మనసులోనే ఉంది" అని కొట్టిపారేయడం ఎంత తప్పో, ప్రతి పోటునూ జబ్బు తిరగబెట్టడంగా లెక్కవేయడం అంత తప్పు. తాడును చూసి పామనుకోవడం గురించి మనకు బాగా తెలుసు, కానీ ఈ జబ్బులో ఒక్కోసారి అది నిజంగానే పాము. అందుకే దీపం ముందే వెలిగించి పెట్టుకోవాలి.

అసలు తగ్గించే సమయం వచ్చిందా?

ఈ మెట్టును త్వరగా దాటవచ్చు, ఎందుకంటే ఇది డాక్టరు చూసుకునే పని. జబ్బు కనీసం ఆరు నెలలుగా పూర్తి అదుపులో ఉండడం, అది కూడా స్టెరాయిడ్ మాత్ర ఆసరా లేకుండా ఉండడం సాధారణంగా ముందు షరతు. అందువల్ల తగ్గించే వరుసలో ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మొదట వస్తుంది. రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్త పరీక్షలు పాజిటివ్‌గా ఉన్నవారికి జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి వారి విషయంలో మరింత నెమ్మదిగా వెళతారు. గర్భం దాల్చాలనుకుంటున్నవారికి మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్ వంటి మందుల లెక్కే వేరు. వారు ఈ వ్యాసాన్ని పక్కనపెట్టి నేరుగా డాక్టరును కలవాలి.

కాలాన్ని ఎంచుకోవడంలో మాత్రం మీ మాట చెల్లుతుంది. పెరటాసి శనివారాలకు కాలినడకన కొండకు వెళ్లే మొక్కు ఉంటే, ఆ నెలలో మోతాదు తగ్గించవద్దు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కిన మరునాడు ఆరోగ్యవంతుడి మోకాళ్లు కూడా మొరాయిస్తాయి. ఆ నొప్పిని మీరు తప్పకుండా తగ్గించిన మాత్ర ఖాతాలో వేస్తారు. ఇంట్లో పెళ్లి, ఇల్లు మారడం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే ముసురు కూడా ఇలాంటివే. వాన వల్ల కీళ్లవాతం నిజంగా పెరుగుతుందా అన్న చర్చలోకి నేను పోను, కానీ వాన పడితే నొప్పి వస్తుందని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాము, ఆ వినికిడి చాలు. నేను రెండోసారి సంక్రాంతి వెళ్లిన తరువాత మొదలుపెట్టాను.

తగ్గించడానికి నెల ముందే నోటు పుస్తకం తెరవండి

ఇదే అన్నింటికన్నా ముఖ్యమైన మెట్టు, చాలామంది వదిలేసేది కూడా ఇదే. మందు తగ్గించిన తరువాత రాయడం మొదలుపెడితే, పోల్చుకోవడానికి పాత లెక్క ఉండదు. పూర్తి మోతాదులో ఉన్నప్పుడు కూడా నెలలో నాలుగైదు చెడ్డ రోజులు మీకు వస్తూనే ఉండి ఉంటాయి, కానీ అవి గుర్తుండవు. మోతాదు తగ్గిన తరువాత వచ్చే చెడ్డ రోజు ఒక్కటీ మరుపుకు రాదు.

ఏం రాయాలో తెలియాలంటే డాక్టరు వేసే లెక్క కొంచెం తెలియాలి. జబ్బు తీవ్రతను చూసే డాస్ 28 అనే కొలతలో నాలుగు అంశాలు ఉంటాయి: 28 కీళ్లలో నొక్కితే నొప్పి పుట్టేవి ఎన్ని, వాచినవి ఎన్ని, రక్తంలో ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ (ఒంట్లో వాపును సూచించే అంకెలు) ఎంత, మీ ఆరోగ్యం ఎలా ఉందని మీరు సున్నా నుంచి నూరు దాకా వేసుకునే మార్కు ఎంత. మొత్తం 2.6 కంటే తక్కువైతే జబ్బు అణగి ఉన్నట్టు లెక్క. ఈ నాలుగింటిలో నొప్పి కీళ్ల సంఖ్య, మీరు వేసుకునే మార్కు అనే రెండూ మీ నోటి నుంచే రావాలి, కాబట్టి వాటి మీద ఎదురుచూపు ప్రభావం పడుతుంది. వాచిన కీళ్లు డాక్టరు వేలికి తెలుస్తాయి, రక్త పరీక్ష ప్రయోగశాల చెబుతుంది. వీటి మీద ఆ ప్రభావం చాలా తక్కువ. ఇంకో సంగతి, ఆ 28 కీళ్లలో పాదాలు లేవు. పాదాల్లో బాధ ఉంటే దాన్ని విడిగా రాసుకొని, అడగకపోయినా చెప్పాలి.

ఇంట్లో మీరు రాయవలసిన పుస్తకంలో కూడా అనిపించేదీ కనిపించేదీ అని రెండు వైపులు ఉండాలి. ఎడమ పేజీలో ఆ రోజు నొప్పికి పదికి ఎన్ని మార్కులో, నిద్ర ఎలా పట్టిందో, మనసు ఎలా ఉందో రాయండి. కుడి పేజీలో ఎవరు చూసినా ఒకేలా కనిపించేవే రాయాలి. నిద్ర లేచాక వేళ్ల బిగుతు విడవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాయండి. ఉంగరం మెటిక దాటి వచ్చిందా లేదా, పాల ప్యాకెట్టును చేత్తోనే చించారా కత్తెర అవసరమైందా, వాకిట్లో ముగ్గు ఎన్ని చుక్కల దాకా ఆపకుండా వేయగలిగారు అన్నవి మంచి గుర్తులు. నాకు అన్నింటికన్నా నమ్మకమైన పరీక్ష రాగి సంగటి కెలకడం. ఇద్దరికి సరిపడా సంగటిని తెడ్డుతో చెయ్యి మార్చకుండా కెలికి ముద్ద చేయగలిగిన రోజున నా మణికట్టు బాగున్నట్టే, ఆ రోజు ఎడమ పేజీ ఎంత ఏడ్చినా సరే. మీ ఇంటి పనిలో మీకు తగిన పరీక్ష ఏదో మీరే ఎంచుకోండి, కానీ తరువాత దాన్ని మార్చవద్దు.

వారానికి ఒకసారి, ఒకే రోజున, ఒకే వెలుతురులో రెండు చేతులూ బల్ల మీద పరచి ఫొటో తీసి పెట్టుకోండి. మెటికల మధ్య పల్లాలు పూడుకుపోయాయా లేదా అన్నది జ్ఞాపకం కంటే ఫొటోలో బాగా తెలుస్తుంది.

డాక్టరు గారిని ఏం అడగాలి?

మన ఓపీల్లో తీరుబడిగా మాట్లాడే సమయం దొరకదు. ముందే కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకొని వెళ్లండి. మొదటిది, ఎందుకు తగ్గిస్తున్నారు? మందు పనిచేయడం మానేసినందువల్లనా, లేక బాగా పనిచేసి ఇప్పుడు అంత అవసరం లేకపోయినందువల్లనా? రెండో కారణమైతే ఆ మాట ఆయన నోటితో స్పష్టంగా వినండి, ఎందుకంటే మనలో చాలామంది మందు తగ్గించడాన్ని ఏదో తీసేసుకోవడంగానే తలుస్తారు. రెండోది, తిరగబెడితే ఏం చేస్తారు? మళ్లీ పాత మోతాదుకు వెళ్లే దారి తెరిచే ఉందని, అలా వెళ్లినవారిలో ఎక్కువమందికి జబ్బు తిరిగి అదుపులోకి వస్తుందని తెలిస్తే సగం భయం అక్కడే తగ్గుతుంది. మూడోది, ఏ గుర్తు కనిపిస్తే ఫోను చేయాలి, ఎవరికి చేయాలి?

అంకెలను రెండు వైపుల నుంచీ చెప్పించుకోవాలి. నెదర్లాండ్స్‌లో ఎడాలిముమాబ్, ఎటనర్సెప్ట్ సూదులు వాడుతున్నవారిలో జబ్బు స్థితిని చూస్తూ మెల్లగా సూదుల మధ్య వ్యవధి పెంచుకుంటూ పోయిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. ఏడాదిన్నర తరువాత చూస్తే, అలా ప్రయత్నించినవారిలో 20 శాతం మంది మందు పూర్తిగా మానగలిగారు, 43 శాతం మంది తగ్గించగలిగారు, 37 శాతం మందికి తగ్గించడం కుదరలేదు. "ముగ్గురిలో ఒకరికి పైగా కుదరలేదు" అని వింటే కాళ్లు చల్లబడతాయి, "నూటికి 63 మందికి మందు తగ్గింది" అని వింటే ఊపిరి వస్తుంది. రెండూ ఒకే అంకె. ఒక్క వైపే చెప్పిన డాక్టరు అబద్ధం చెప్పినట్టు కాదు గానీ, రెండో వైపు మీరే అడిగి తెలుసుకోవాలి. నార్వేలో 2021లో ప్రచురితమైన ఇంకో పరిశోధనలో, మెథోట్రెక్సేట్ వంటి సాధారణ మందులను సగానికి తగ్గించినవారిలో ఏడాదిలోపు 25 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, తగ్గించనివారిలో 6 శాతం మందికే తిరగబెట్టింది. ఇది కూడా తెలిసే ఉండాలి. భయాన్ని తగ్గించడం కోసం నిజమైన ప్రమాదాన్ని దాచడం నాకు ఇష్టం లేదు.

మందుల షాపు దగ్గర జాగ్రత్త

మోతాదు మారితే మాత్ర రూపం మారుతుంది. పదిహేను మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్ మాత్ర బదులు పది మిల్లీగ్రాములది ఇచ్చినప్పుడు రంగు, పరిమాణం, కంపెనీ పేరు మూడూ ఒకేసారి మారిపోవచ్చు. "ఇది ఏదో వేరే మందు" అన్న అనుమానం అక్కడే మొలకెత్తుతుంది, అనుమానం పెనుభూతమని మనవాళ్లు ఊరికే అనలేదు. వీలైనంత వరకు పాత కంపెనీ మాత్రనే తక్కువ మోతాదులో ఇవ్వమని అడగండి. దొరకకపోతే, కంపెనీ మారిన తేదీని పుస్తకంలో వేరుగా రాయండి. మోతాదూ కంపెనీ ఒకే వారంలో మారకుండా చూసుకుంటే ఇంకా మంచిది.

ఈ అనుమానం ఎంత పని చేస్తుందో చూపే సంఘటన కూడా నెదర్లాండ్స్‌లోనే జరిగింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు వాడుతున్న 192 మందిని, వారికి చెప్పే, దాని తరువాత వచ్చిన సమానమైన మందుకు మార్చారు. ఆరు నెలల్లో వారిలో 47 మంది, అంటే నాలుగో వంతు మంది, దాన్ని మానేశారు. మానేసినవారిలో పెరిగినవి ముఖ్యంగా నొక్కితే నొప్పి పుట్టే కీళ్ల సంఖ్య, రోగి తనకు తాను వేసుకున్న మార్కు. వాచిన కీళ్లూ సీఆర్‌పీ పెరగలేదు. అదే మార్పును నార్వేలో 482 మందికి, ఎవరికి ఏ మందు వెళుతోందో రోగికీ డాక్టరుకూ తెలియకుండా చేసినప్పుడు, రెండు గుంపుల మధ్య తేడా ముందుగా పెట్టుకున్న హద్దును దాటలేదు. మన పుస్తకంలోని ఎడమ పేజీ, కుడి పేజీ విభజన వెనుక ఉన్నది ఇదే.

ఇక్కడే ఇంకొక హెచ్చరిక. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు. మోతాదు మారిన హడావుడిలో దాన్ని రోజూ వేసుకొని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారు ఉన్నారు. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద తెలుగులో రాయించుకోండి.

వేసుకునే పద్ధతిని మార్చవద్దు

మాత్ర ఎంత తగ్గినా, వేసుకునే వేళ, చోటు, గ్లాసు, ముందు తినే ముద్ద అన్నీ పాత తీరులోనే ఉంచండి. ఇది చాదస్తంగా కనిపించవచ్చు. 1975లో రాబర్ట్ ఏడర్, నికొలస్ కోహెన్ ఎలుకలకు శాకరిన్ కలిపిన తీపి నీళ్లతో పాటు రోగనిరోధక శక్తిని అణచే సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చారు. తరువాత తీపి నీళ్లు మాత్రమే ఇచ్చినా వాటి రోగనిరోధక స్పందన తగ్గింది. శరీరం మందును మాత్రమే గుర్తుపెట్టుకోదు, మందుతో పాటు వచ్చిన రుచినీ వేళనూ కూడా గుర్తుపెట్టుకుంటుందని దీని వల్ల తెలిసింది. దీన్ని పట్టుకొని మనిషి కీళ్లకు పెద్ద ఆశలు కట్టుకోకూడదు, కానీ పైసా ఖర్చు లేని ఈ పద్ధతిని పాటించకపోవడానికి కారణమూ లేదు.

అయితే రోగికి తెలియకుండా మాత్ర మార్చే పని మాత్రం ఎవరూ చేయకూడదు. నాకు తెలిసిన ఒక ఇంట్లో, తల్లి భయపడుతుందని కొడుకు పాత సీసాలో తక్కువ మోతాదు మాత్రలు పోసి పెట్టాడు. రెండు నెలలు బాగానే గడిచాయి. సంగతి తెలిసిన రోజు నుంచి ఆవిడ ఆ ఇంట్లో ఎవరు ఇచ్చిన మాత్రనూ నమ్మలేదు, చివరికి రక్తపోటు మాత్ర కూడా.

ఇంటివాళ్లకు ముందే చెప్పవలసిన మాటలు

"అమ్మా, ఈ రోజు నొప్పిగా ఉందా?" అని పొద్దున్నే అడిగే పిల్లల ప్రేమను తప్పుపట్టలేము. కానీ ఆ ప్రశ్న విన్నవెంటనే మనం కీళ్లన్నింటినీ ఒకసారి తడుముకుంటాము, తడిమితే ఎక్కడో ఒకచోట నొప్పి దొరుకుతుంది. రెండోసారి తగ్గించినప్పుడు మా ఆయనతోనూ, కోడలితోనూ ఒక ఒప్పందం చేసుకున్నాను: నొప్పి గురించి నేను చెబితేనే తప్ప వాళ్లు అడగకూడదు; వారానికి ఒకసారి ఫొటో తీసేటప్పుడు మాత్రం నా చేతుల్ని చూసి తమకు కనిపించింది చెప్పాలి.

చుట్టుపక్కలవారి సలహాలకు కూడా సిద్ధంగా ఉండాలి. "మందు తగ్గిస్తే అందరికీ తిరగబెడుతుంది, మా వదినకు అలాగే అయింది" అనే మాట కనీసం ఇద్దరు చెబుతారు. ఒకరు పుత్తూరుకు వెళ్లి కట్టు కట్టించుకోమంటారు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకు పేరుపొందింది. కీళ్లవాతం ఎముక విరుపు కాదు, రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి కీలు పొర మీద చేసే దాడి. ఇంకొకరు ఏదో పొడి తెచ్చి ఇస్తారు. పేరూ ఊరూ లేని కీళ్లనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. అది వాడితే నొప్పి మాయమవుతుంది, మీ పుస్తకంలోని లెక్క మొత్తం చెడుతుంది, మానేసిన రోజున అసలు జబ్బు కన్నా పెద్ద ఉపద్రవం వచ్చిపడుతుంది.

క్యాలెండరుతో భయాన్ని కొలవడం

నా మొదటి ప్రయత్నం ఇక్కడే చెడిపోయింది. అప్పుడు తగ్గించింది హైడ్రాక్సీక్లోరోక్విన్. మంగళవారం మోతాదు తగ్గింది, శుక్రవారానికి వేళ్లన్నీ సలుపు, మరుసటి వారానికి నిద్ర లేదు. ఒక ఆసుపత్రికి వెళ్లి నొప్పులు తిరిగి వచ్చాయని చెప్పాను. అక్కడ ఎవరూ కీళ్లు నొక్కి చూడలేదు, రక్త పరీక్ష రాయలేదు. పాత మోతాదు మళ్లీ రాసి పంపేశారు. నాకు ఆ రాత్రే హాయిగా నిద్రపట్టింది. చాలా రోజుల తరువాత తెలిసింది, ఆ మందు ఒంట్లో నుంచి సగం పోవడానికే సుమారు నలభై రోజులు పడుతుందని. మూడో రోజున వచ్చిన నొప్పికి తగ్గిన మందు కారణం కాలేదు, ఒక్క రాత్రిలో వచ్చిన ఉపశమనానికి పెరిగిన మందూ కారణం కాలేదు.

కాబట్టి మీ మందు ఎంత కాలం ఒంట్లో నిలుస్తుందో డాక్టరును అడిగి, క్యాలెండరులో గీత గీసుకోండి. మెథోట్రెక్సేట్ రక్తంలో నుంచి త్వరగానే పోతుంది గానీ కణాల లోపల వారాల తరబడి ఉంటుంది, అందువల్ల తగ్గించిన ఫలితం కొన్ని వారాల తరువాత గాని కనబడదు. ఎడాలిముమాబ్ సగం పోవడానికి సుమారు రెండు వారాలు, ఎటనర్సెప్ట్‌కు మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. ఈ గీతకు ముందు వచ్చే నొప్పులను "వేచి చూడవలసినవి" అని, తరువాత వచ్చేవాటిని "డాక్టరుకు చూపించవలసినవి" అని రాయండి. గీతకు ముందే నిజంగా వాపు వస్తే దానికి వేరే కారణం ఉండవచ్చు, అప్పుడూ చూపించాలి.

స్టెరాయిడ్ ఈ లెక్కకు లోబడదు. కొన్ని వారాలకు మించి ప్రెడ్నిసొలోన్ వాడినవారిలో, ఒంటికి కావలసిన సహజ స్టెరాయిడ్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని తగ్గించుకొని ఉంటాయి. దాన్ని ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, కళ్లు తిరగడం, రక్తపోటు పడిపోవడం వంటివి రోజుల్లోనే వస్తాయి. అది భయం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన స్థితి. మెల్లగా తగ్గించేటప్పుడు కూడా కండరాలు, కీళ్లు కొద్ది రోజులు నొప్పిగా ఉండడం సహజమే, అది ముందే తెలిస్తే బెదరరు.

నొప్పి వచ్చిన రోజు

ముందు పుస్తకం కుడి పేజీ తెరవండి. బిగుతు నిమిషాలు, ఉంగరం, సంగటి, ఫొటో ఏవీ మారకుండా నొప్పి మార్కు ఒక్కటే పెరిగితే, ఆ నొప్పిని నమ్మండి గానీ మోతాదు గురించి ఆ రోజే తీర్పు చెప్పవద్దు. భయం తెచ్చిన నొప్పి కూడా నిజమైన నొప్పే; వేడినీళ్ల కాపడం, మెల్లని నడక, డాక్టరు ముందే ఒప్పుకున్న పారాసెటమాల్ వంటివి వాడుకోవచ్చు. నిద్ర సరిగా లేని వారమా, కష్టమైన పని చేశారా, ఇంట్లో మాటా మాటా వచ్చిందా అని ఎడమ పేజీలో చూడండి. మూడు రోజుల తరువాత మళ్లీ కొలవండి.

ఈ ఓపికకు ఆధారం ఉంది. టోసిలిజుమాబ్ అనే కీళ్లవాతం మందు వాడుతూ రోజుకు 5 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ మీద ఉన్న 259 మందిలో కొందరికి 16 వారాల్లో ఆ స్టెరాయిడ్‌ను సున్నాకు తగ్గించి, మిగతావారికి అలాగే కొనసాగించారు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో రోగికీ డాక్టరుకూ తెలియదు. 24 వారాల తరువాత చూస్తే, కొనసాగించినవారిలో 77 శాతం మందికి, తగ్గించినవారిలో 65 శాతం మందికి జబ్బు అదుపులో నిలిచింది. తగ్గించినవారికి కొంత నష్టం ఉందన్నది నిజమే. కానీ ఏమీ తగ్గించనివారిలో కూడా నూటికి 23 మందికి ఆ అదుపు నిలవలేదని గమనించండి. మందు తగ్గించిన కాలంలో వచ్చే ప్రతి ఇబ్బందీ మందు తగ్గించినందువల్లే వచ్చినది కాదు.

కుడి పేజీ మారితే మాత్రం ఆగవద్దు. మెటికల పల్లాలు పూడుకొని మెత్తగా ఉబ్బడం, పొద్దున బిగుతు పది నిమిషాల నుంచి ముప్పావు గంటకు పెరిగి వరుసగా కొన్ని రోజులు ఉండడం, కొత్త కీలులో వాపు రావడం ఇవన్నీ డాక్టరుకు చూపించవలసిన గుర్తులు. వెళ్లేటప్పుడు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ చేయించమంటారేమో ఫోనులో అడిగి తెలుసుకోండి. జలుబు, జ్వరం, రక్తహీనత ఉన్నా ఆ అంకెలు పెరగవచ్చు కాబట్టి వాటినీ చెప్పండి. ఒక్క కీలు మాత్రమే ఎర్రగా, వేడిగా వాచి, జ్వరం వస్తే అది కీలులో చీము పట్టడం కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. 2006లో మన ప్రాంతం చికున్‌గున్యాతో ఎలా మంచం పట్టిందో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. జ్వరం తరువాత మొదలైన కీళ్లనొప్పులను తగ్గించిన మాత్రకు అంటగట్టే ముందు ఆ సంగతి కూడా డాక్టరుతో ప్రస్తావించండి.

పరీక్షించిన తరువాత జబ్బు నిజంగానే తిరగబెట్టిందని డాక్టరు అంటే, ఆయన చెప్పిన మోతాదుకు తిరిగి వెళ్లండి. నోటు పుస్తకంలో ఆ తేదీ, అప్పటికి ఉన్న మోతాదు, మొదట వాచిన కీలు పేరు రాసి కింద ఒక గీత గీయండి. ఆరు నెలలో ఏడాదో గడిచి మళ్లీ తగ్గించే మాట వచ్చినప్పుడు, ఎంత మోతాదు దాకా మీ ఒళ్లు ఒప్పుకుందో ఆ గీత పైన ఉంటుంది. అక్కడికి కొంచెం ముందు నుంచి అడుగులు చిన్నవి చేసుకోవాలని డాక్టరు గారికి చూపించండి.